పాండురంగారావు పేరు పక్కన జాగా

నూజివీడులో మామిడి బుట్టల లేబుళ్లన్నీ ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటరు ఇన్నయ్య చేతి మీదుగానే అచ్చయ్యేవి. అక్కడ ఇత్తడి చట్రం ఒక్కటే. ఎవరి పేరైనా అందులోనే ఇమడాలి. ఇంటిపేరూ ఊరూ కలిసి పొడుగైతే తోక కత్తిరించేవాడు. ఒట్టి పేరే అయితే వెనకాల అక్షరం లేని సీసపు ముక్కలు కూరేవాడు. కాగితం మీద వాటి జాడ కనబడదు గానీ, అవి లేకుండా చట్రం ఎత్తితే అక్షరాలు జలజలా రాలిపోతాయి. ముందు పేరు, వెనక ఖాళీ. ఈ వరస తప్పితే ఇన్నయ్యకు అన్నం సహించదు.

అరవై ఒకటి వేసవిలో మామిడి వ్యాపారి పాండురంగారావు తన లేబులు ప్రూఫు చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఏంటయ్యా, కుడివైపంతా తెల్లగా? సరుకు చాలక సగం బుట్టే నింపినట్టుంది."

"అది ఖాళీ కాదండీ, సీసం."

"సీసం నీకు కనిపిస్తుంది. సరుకు కొనే కలకత్తావాళ్లకి నా దివాలా కనిపిస్తుంది. ఏదో ఒకటి పెట్టి నింపు."

సాయంత్రానికే లారీ. ఎంత వెతికినా ఆ జాగాకు సరిపడే బొమ్మ ఒక్కటే దొరికింది: శుభలేఖల మీద వేసే కలశం, రెండు అరటిచెట్లు. ఇన్నయ్య మనసొప్పకుండానే బిగించాడు. పాండురంగారావు మాత్రం మురిసిపోయాడు.

కొన్నాళ్లకు కలకత్తాలోని తెలుగు షావుకారు పెళ్లికూతురికి కానుకంటూ పట్టుచీర పంపాడు. పెళ్లిబొమ్మ పక్కన పేరు చూసి పాండురంగారావే పెళ్లికొడుకనుకున్నాడు పాపం. పార్శిలు విప్పింది ఆయన భార్య సుభద్ర. ఆ పూట నుంచి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

"నువ్వే వచ్చి మా ఆవిడకి నచ్చచెప్పు. ఆవిడ నమ్మకపోతే మీ ప్రెస్సు యజమానితో చెప్పి నీ ఉద్యోగం ఊడగొట్టిస్తా" అన్నాడు పాండురంగారావు. ఇన్నయ్యకు ఈ పని పోతే తోటల్లో కాయలు కోయడమే గతి. చెట్టెక్కడమంటే అతనికి చచ్చేంత భయం.

చట్రం పట్టుకెళ్లి సుభద్ర ముందు అంతా పేర్చి చూపించాడు. సీసపు ముక్కలు తీసేసి ఎత్తగానే ఆవిడ భర్త పేరు కాస్తా నేల మీద చెల్లాచెదురైంది.

"అయితే పక్కన ఏదో ఒకటి లేందే ఈయన పేరు నిలబడదు. అంతేగా?"

"అంతేనండీ."

"మరి బొమ్మలెందుకు? నా పేరు పెట్టు."

పాండురంగారావు వంగి నేల మీది అక్షరాలు ఏరసాగాడు.

తరవాతి లోడు బుట్టల మీద రెండు పేర్లూ పక్కపక్కనే వెళ్లాయి. సుభద్ర పేరు బిగించాక చట్రంలో సీసపు ముక్క దూర్చడానికి సందే మిగల్లేదు. ఇన్నయ్య బొటనవేలితో గట్టిగా నొక్కి చూశాడు. ఒక్క అక్షరం కదల్లేదు.