మధ్యలో ఆగని నొప్పి

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దాన్ని మోస్తూనే వంట చేశాను, పిల్లల్ని బడికి పంపాను, పేరంటాల్లో ముందు వరసలో కూర్చుని తాంబూలం అందుకున్నాను. ఎవరికీ కనబడలేదు. కనబడి ఉంటే ఎవరైనా నన్ను కొట్టేవారు, తిట్టేవారు, ఏదో ఒకటి జరిగేది. ఏమీ జరగలేదు. నన్ను మంచిదాన్నే అన్నారు అందరూ.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడక్కండి. శ్రీముఖలింగానికి దగ్గర్లో, వంశధార పక్కన ఒక ఊరికి కోడలిని. అంతవరకు చాలు.

నా తోడికోడలు బిడ్డ చచ్చిపోవడంలో నా చెయ్యి ఉంది. విషం పెట్టలేదు, తొయ్యలేదు. నొప్పి గురించి ఒక అబద్ధం ఆడాను. తర్వాత ఆ అబద్ధాన్ని కాపాడుకున్నాను. అంతే చేశాను. అంతేనా? ఇంకా ఉంది. వరసగా చెప్తాను.

నా మొదటి కాన్పు మా పుట్టింట్లో, విజయనగరంలో జరిగింది. ఆస్పత్రిలో నా పక్కన మా అమ్మ ఒక్కతే ఉంది. నొప్పులంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. మొదట నడుము వెనకాల సన్నగా పట్టింది. తర్వాత అది రెండు పక్కల నుంచీ ముందుకు పాకి, పొత్తికడుపులో ముడి పడేది. తడిసిన దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండుతారు చూడండి, నన్ను లోపల్నించి అలా పిండేసేది. పిండి, పిండి, ఇంక ప్రాణం పోతుందనుకునేసరికి వదిలేసేది. వదిలాక ఎంత హాయిగా ఉండేదంటే, ఆ కాస్తలోనే నాకు కునుకు పట్టేది. గోడ మీద బల్లిని చూసి ఒకసారి నవ్వాను కూడా. మళ్లీ వచ్చేది. ఈసారి ఇంకా పెద్దగా.

చివరికొచ్చేసరికి నేను మనిషిని కాను. నడుము ఎముకలు విడదీస్తున్నట్టు ఉండేది. కోసేయండి, చంపేయండి అని అరిచాను. మా ఆయన్ని నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. మా అమ్మ చెయ్యి రక్తం వచ్చేలా కొరికాను. బల్ల మీదే దొడ్డికి పోయాను. ఆయా తుడిచి, అందరికీ అవుతుందిలే అంది. అందరికీ అవుతుందన్న మాట ఆ క్షణంలో నాకు దేవుడి మాటలా వినిపించింది. బయటికొచ్చాక దాన్ని నేనెందుకు ఎవరికీ చెప్పలేదు?

బాబు పుట్టాక మా అమ్మ మా అత్తకి ఫోన్ చేసింది. "మా పిల్ల నోరెత్తనేదు వదినా. పక్క మంచం వోలికి కూడా తెల్దు" అంది. నేను మంచం మీద పడుకుని విన్నాను. నవ్వొచ్చింది. కాదని అనలేదు.

అత్తవారింటికి వచ్చేసరికి నాకంటే ముందు ఆ మాట వచ్చేసింది. మా అత్త కోమటి కొట్టు దగ్గర, కళ్లంలో, పెళ్లిళ్లలో చెప్పేది, మా పెద్దకోడలు మూలుగు కూడా వినపడకుండా కన్నాదని. అంతవరకు ఆ ఇంట్లో నాకు పెద్ద విలువ లేదు. నేను చదువుకున్నదాన్ని కాదు, చామనచాయ దాన్ని, చేతి వంటకి కూడా పేరు లేదు. ఆ మాట ఒక్కటే నాకు నగలా దొరికింది. తీసి పక్కన పెట్టడం చేతకాలేదు.

తర్వాత కొన్నాళ్లకి మా మరిదికి పెళ్లయింది. శ్యామల వచ్చింది. డిగ్రీ చదివింది, టీచరు ట్రైనింగు చేసింది, మెత్తగా మాట్లాడేది. మా అత్త ఆమెకి పనులు చెప్పడానికి జంకేది. చేపల పులుసు వండితే మంచి ముక్క ఆమె కంచంలో పడేది. ఇవి చిన్న విషయాలని నాకు తెలుసు. చిన్నవే. కానీ నేను వాటిని ఒక్కటీ పోనివ్వకుండా మనసులో దాచుకున్నాను. శ్యామల మాత్రం నన్ను ఒక్కనాడూ తక్కువ చేసి మాట్లాడలేదు. అక్కా అని పిలిచేది. నిజంగానే అక్కననుకుంది.

ఆమెకి తల్లి లేదు. అందుకని పుట్టింటికి పంపకుండా మొదటి కాన్పు మా దగ్గరే చేయించాలనుకున్నాం. నెలలు నిండుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం నా దగ్గరకొచ్చి కూర్చుంది. నేను చింతపండు గింజలు తీస్తున్నాను. కాసేపు తనూ తీసింది.

"అక్కా, నొప్పి ఎలాగుంటాది? నాకు బయంగా ఉన్నాది. అమ్మ నేదు కదా, నిన్నే అడగాల" అంది.

చెప్పవలసింది ఒక్క నిమిషం పని. అరుస్తావు, తిడతావు, సిగ్గు పోతుంది, అందరికీ పోతుంది, నాకూ పోయింది అంటే సరిపోయేది. నేనేమన్నానో వినండి.

"ఏటుంటాది? బయట సేరినప్పుడు నొస్తాది కదా, దానికి కొంచెం ఎక్కువ. పళ్లు బిగించి ఓర్సుకుంటే అయిపోతాది. అరిస్తే బలం పోతాది. నేను అరవనేదు."

నా వైపు ఎంతో గౌరవంగా చూసింది. ఆ చూపు నాకు నచ్చింది. అంతకంటే నీచమైన సంగతి చెప్పమంటారా? చదువుకున్న ఈ పిల్ల గొంతు చించుకుని అరుస్తుంది, అప్పుడు మా అత్తకి నా విలువ తెలుస్తుంది అని లోపల అనుకున్నాను.

ఆ రోజు మగవాళ్లు పొలంలో ఉన్నారు, కోతలు. భోజనాలయ్యాక శ్యామల గదిలోంచి నన్ను పిలిచింది. గోడకి చేరబడి కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది, పైపెదవి మీద చెమట. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. నన్ను చూసి తీసింది.

"అక్కా, ఇది వదలటం నేదు. మద్దెలో ఆగుతాదని డాట్రమ్మ సెప్పింది. ఆగటం నేదు. ఇలాగే ఉంటాదా?"

కడుపు మీద చెయ్యి వేశాను. చెక్కలా ఉంది. చెయ్యి అక్కడే ఉంచాను, మెత్తబడుతుందేమోనని. మెత్తబడలేదు.

నాకు తెలుసు. ఈ ముక్క రాయడానికే ఇంతదూరం వచ్చాను. నొప్పి వస్తుంది, పోతుంది, పోయినప్పుడు కునుకు పడుతుంది, బల్లిని చూసి నవ్వొస్తుంది. అది నా ఒంటి మీద జరిగింది. విడవకుండా పట్టే నొప్పి నొప్పులు కాదని, ఏదో తప్పు జరుగుతోందని నాకు ఆ చేతి కింద తెలిసింది. కానీ అది చెప్పాలంటే నా కాన్పు సంగతి చెప్పాలా? అక్కర్లేదు. నా అబద్ధం అలాగే ఉంచుకుని కూడా ఆస్పత్రికి తీసుకెళ్దామని అనొచ్చు. ఆ మాట ఇప్పుడు తోస్తోంది. అప్పుడు తోచలేదా? తోచింది. తోచినా అనలేదు.

"అలాగే ఉంటాది. ఓర్సుకో" అన్నాను.

బయటికొచ్చేసరికి మా అత్త అడిగింది, ఆటో పిలవమంటావా అని. ఇంకా టైముంది, ఆ పిల్లకి ఓర్పు తక్కువ, ఇప్పుడే తీసుకెళ్తే అనవసరంగా కోసేస్తారు అన్నాను. మా అత్త నా మాట నమ్మింది. కాన్పుల విషయంలో ఆ ఇంట్లో నా మాటకి అంత విలువ ఉండేది.

వంటింట్లోకి పోయి గిన్నెలు తోముకున్నాను. చెవులు మాత్రం ఆ గదిలోనే ఉన్నాయి. ఎదురు చూస్తున్నాను. దేనికోసమో మీకు అర్థమైందా? ఆమె అరవాలి. ఒక్కసారి గట్టిగా అరిస్తే, మా అత్త విని, అయ్యో అని నా వైపు తిరిగి, నీలాంటిది కాదే ఈ పిల్ల అంటే చాలు. వెంటనే ఆటో పిలిచేదాన్ని. ఒట్టు, పిలిచేదాన్ని.

ఆమె అరవలేదు. అరవొద్దని నేనే చెప్పాను కదా. నేను అరుపు కోసం కాచుకుని, ఆమె నా మాట మీద నోరు నొక్కుకుని, అలా సాయంత్రం చేశాం ఇద్దరం కలిసి.

టీ ఇవ్వడానికి వెళ్లిన మా అత్త ముందు చూసింది, చాప మీద రక్తం. అప్పుడు పరుగులు. శ్రీకాకుళం తీసుకెళ్లేదాకా శ్యామల తల నా ఒళ్లోనే ఉంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ కడుపు పట్టి చూసి, ఇలా ఆగకుండా ఎప్పటి నుంచి నొస్తోంది అని అడిగింది. ఇప్పుడే, దారిలోనే మొదలైందన్నాను. మా అత్త పక్కనే ఉంది. ఆగని నొప్పని శ్యామల నాతో తప్ప ఎవరితోనూ అనలేదు కనక ఆమెకి అనుమానం రాలేదు.

మాయ ముందే విడిపోయిందన్నారు. ఆపరేషన్ చేశారు. పాప అప్పటికే లేదు. రక్తం ఆగకపోతే గర్భసంచి తీసేశారు. కొంచెం ముందు తీసుకురావలసిందమ్మా అని మాత్రం అంది డాక్టరమ్మ, ఎవరి వైపూ చూడకుండా. ముందు తెస్తే బతికేదా? నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల నా తప్పు తగ్గుతుందేమోనని చాలాసార్లు లెక్కలు కట్టుకున్నాను. తగ్గలేదు.

పాపని గుడ్డలో చుట్టి నర్సు నా చేతికే ఇచ్చింది. అక్కడ ఆడవాళ్లలో నిలబడగలిగిన స్థితిలో ఉన్నది నేనొక్కదాన్నే. కాసేపు ఎత్తుకున్నాను. మగవాళ్లు తీసుకెళ్లి ఏటి పక్కన పాతిపెట్టారు. తల్లికి చూపించకూడదని పెద్దవాళ్లు అనుకున్నారు. శ్యామలకి మత్తు వదిలేసరికి ఏమీ మిగల్లేదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా చేదు. మా అత్త, ఊళ్లోవాళ్లు అందరూ శ్యామలనే తప్పు పట్టారు. నోరు విప్పి చెప్పి ఉంటే ఇలా అయ్యేదా, మొండి పిల్ల అన్నారు. ఆమె విని తల దించుకునేది. ఒకరోజు నాతో అంది, నువ్వు ఓర్చుకోగలిగావు కదక్కా, నేనూ ఓర్చుకోవాలనుకున్నాను, నాకే చేతకాలేదని. నేను ఆమె తల నిమిరాను. నిమిరిన చెయ్యి ఇదే. దీంతోనే రాస్తున్నాను.

తర్వాత వాళ్లు శ్రీకాకుళంలో కాపురం పెట్టారు. శ్యామల అక్కడే బళ్లో పాఠాలు చెప్తుంది. నా పిల్లలకి పుస్తకాలు కొన్నది, జ్వరమొస్తే వచ్చి కూర్చున్నది ఆమే. మా అత్త పోయింది, మా అమ్మా పోయింది. నా అబద్ధం బయటపెట్టగలిగినవాళ్లు ఇంక ఎవరూ లేరు. చచ్చేదాకా దాచగలిగేదాన్ని.

మొన్న కడుపుతో ఉన్న మా ఆడపడుచు కూతురికి సూడిదలు పెట్టాం. గాజులు తొడిగేవాళ్లలో శ్యామలని పిలవలేదు. గొడ్రాలి చెయ్యి అని ఎవరూ పైకి అనలేదు, పిలవలేదంతే. ఆమె అలవాటైన దానిలా వంటింట్లోకి వచ్చి నాతో అరటికాయలు తరుగుతోంది. ఆ పిల్ల చేతుల నిండా గాజులతో లోపలికొచ్చి నా పక్కన కూలబడింది. అత్తా, నొప్పులంటే భయంగా ఉందని మొదలుపెట్టింది.

శ్యామల నవ్వి, "మా అక్కనడుగు. నోరెత్తకుండా కన్నాది" అంది. ఎగతాళి కాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా గర్వంగానే అంది.

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, మొత్తం చెప్పేశాను. అరిచానని, కొరికానని, దొడ్డికి పోయానని, ఎవరు అరవొద్దన్నా వినొద్దని చెప్పాను. నొప్పి వస్తుంది, పోతుంది, మధ్యలో వదులుతుంది, వదలకపోతే ఆ క్షణమే లేచి ఆస్పత్రికి పొమ్మన్నాను. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని విని, ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

శ్యామల తరగడం మానేసింది.

"మద్దెలో ఆగుతాదా అక్కా?"

"ఆగుతాది."

"ఆ రోజు నిన్ను అడిగినాను."

"అడిగినావు. కడుపు మీద సెయ్యి కూడా ఏసినాను. నాకు తెలుసు."

ఇంకా చెప్పాను. చేపముక్కల సంగతి, అరుపు కోసం కాచుకున్న సంగతి, డాక్టరమ్మతో అన్న మాట. ఏడవకుండా చెప్పాలనుకున్నాను, ఏడిస్తే జాలి పడాల్సొస్తుందని. ఏడవలేదు. క్షమించమని అడగలేదు. ఏ మొహంతో అడుగుతాను?

ఆమె చేతులకంటిన అరటి జిగురు తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతికింది. నేను అందిస్తే తీసుకోలేదు. చీరకే తుడుచుకుంది.

"నువ్వు ఎత్తుకున్నావంట కదా. జుట్టు ఉన్నాదా?"

"ఉన్నాది. ఒత్తుగా ఉన్నాది."

"ఎవరి పోలిక?"

"నీ పోలికే. గెడ్డం నీదే."

తల ఊపింది. సంచి తీసుకుని, భోజనం చెయ్యకుండా, ఎవరికీ చెప్పకుండా బస్సుకి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తకూడదు కూడా. ఏం జరిగిందని మా ఆయన అడిగితే ఆయనకీ చెప్పాను. విని, వీధిలోకి పోయి కూర్చున్నాడు. ఇప్పుడు అవసరమైతేనే మాట్లాడుతున్నాడు. రేపో మాపో మా మరిదికీ తెలుస్తుంది, పిల్లలకీ తెలుస్తుంది. తెలియనీ.

చెప్పేశాక ఎలా ఉందని మీరు అడుగుతారేమో. తేలికగా ఉంది. ఆమె ఇల్లు ఎలా ఉందో, ఆమె ఏం తింటోందో నాకు తెలియదు, నాకు మాత్రం ఈమధ్య నిద్ర పడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.