కన్నక్క కెమెరా పెట్టె

మూకుట్లో బియ్యం వేగే వాసన వస్తే నాకు ఆకలి వేయదు, కన్నక్క గుర్తొస్తుంది. నిన్నా అంతే. వారం రోజులుగా డర్బన్‌ను వాన వదల్లేదు. లెన్సులకు బూజు పట్టకుండా గుప్పెడు బియ్యం వేయించి, చల్లార్చి, గుడ్డలో మూటకట్టి కెమెరాల మధ్య పెడుతున్నాను. ఈ పద్ధతి నేర్పిన మనిషి పోయి పదకొండేళ్ళయింది.

కన్నక్క డర్బన్ శివార్లలోని మెరీబ్యాంక్‌లో పుట్టి పెరిగిన ఫోటోగ్రాఫర్. ఆమె ముత్తాత చెరుకు తోటల్లో పనికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆమెకు తెలుగు చదవడం రాదు. మాట్లాడితే సగం ఇంగ్లీషు, తిడితే మాత్రం అచ్చ తెలుగు. అక్కడ నల్లవాళ్ళతో సహా అందరూ ఓటు వేసిన తొలి ఎన్నికల మరుసటి ఏడాది, రిఫైనరీలో ఉద్యోగం దొరికిన మా ఆయనతో నేను విజయనగరం నుంచి వచ్చి వాళ్ళ పక్కింట్లో దిగాను. గుర్తింపు కార్డులు లేని పల్లె జనానికి ఫోటోలు తీసే పనిని ఒక స్వచ్ఛంద సంస్థ అప్పుడే ఆమెకు అప్పగించింది. నాకు కెమెరా పట్టడం కాస్త తెలుసని కన్నక్క నన్ను తోడు తీసుకుంది. ఐదు నెలలు ఆమె పాత ట్రక్కులో జులూ పల్లెలు తిరిగాం.

మొదటి రోజే తిట్లు తిన్నాను. పెట్రోలు బంకు దగ్గర కెమెరా సంచీ సీటు మీద వదిలేసి రొట్టె కొనడానికి దిగాను. వెనక్కి వచ్చేసరికి సంచీ ఆమె ఒళ్ళో ఉంది.

"ఏమే పిల్లా, బుర్ర ఇంట్లో పెట్టి వచ్చినావా? బండి అద్దంలోంచి కనబడితే పోయింది, ఫినిష్!"

ఆ సాయంత్రమే కెమెరాల మీది కంపెనీ పేర్లకు నల్ల టేపు అంటించింది. గ్రీజు మరకల పాత పనిముట్ల పెట్టెలో వాటిని సర్దింది. తీసిన ఫిల్ములు మాత్రం విడిగా, మసాలా డబ్బాలో. "కెమెరా పోతే ఇంకోటి దొరుకుతాది. ఈ ముసలోళ్ళు మళ్ళా కొండ దిగి వస్తారా?" అంది. పెట్టెను భోజనానికీ స్నానానికీ కూడా వెంట తీసుకెళ్ళేది. నవ్వొచ్చేది నాకు.

మూడో నెలలో, కొండ మీది ఒక పల్లెలో గోగో తొకో ఇంట్లో నాలుగు రోజులున్నాం. గోగో అంటే జులూలో అవ్వ. భర్త పోయి ఒంటరిగా ఉండేది. రెండు గుండ్రటి గుడిసెల్లో ఒకటి మాకు ఇచ్చింది. ఎన్నికలు అయిపోయినా ఆ కొండల్లో రెండు పార్టీల మధ్య కొట్లాటలు ఆగలేదు. మేం బయలుదేరే రోజు, కింద వంతెన దగ్గర బండ్లు ఆపి దోచుకుంటున్నారని కబురొచ్చింది. కన్నక్క ఫిల్ముల డబ్బా నడుముకు కట్టుకుని, పెట్టెను గోగోకు అప్పగించింది.

"ఎవరింట్లోనో వదిలేస్తామా అక్కా? ఎవరికైనా అమ్మేస్తే?" అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. "నాలుగు దినాలు ఆమె చేతి కూడు తిన్నావు. ఎవరో అంటావా? సిగ్గు లేదా?"

గోగో పెట్టెను మంచం కిందకు తోసి, దాని మీద తన భర్త కోటు కప్పింది.

రెండు వారాల తర్వాత తిరిగి వెళ్ళేసరికి కొండ మీద గోగో గుడిసెలు లేవు. కొట్లాటల్లో తగలబెట్టేస్తే రెండు నల్లటి వలయాలు మిగిలాయి. పల్లెవాళ్ళంతా లోయలోని చర్చిలో తలదాచుకున్నారని తెలిసి పరుగున వెళ్ళాం. ఒక మూల, ఎవరిదో దుప్పటి కప్పుకుని గోగో కూర్చుని ఉంది. పక్కనే మా పెట్టె. వేసిన తాళం వేసినట్టే ఉంది.

కన్నక్క జులూలో ఏదో అడిగింది. గోగో నెమ్మదిగా జవాబు చెప్పింది.

"ఏమంటోంది అక్కా?"

"నీవేం తెచ్చుకున్నావు అని అడిగినా. 'ఒక్కటే మోయగలిగాను, పెట్టె బరువుగా ఉంది' అంటాది. 'చూసుకోమని చెప్పారు కదా' అంటాది."

భర్త కోటు కూడా కాలిపోయింది. కన్నక్క నేల మీద కూర్చుని ఏడ్చింది. గోగోకు అర్థం కాకూడదనేమో, తెలుగులోనే అంది: "నేనే చేసినా ఈ పని. నేనే ఈ బరువు ముసలిదాని నెత్తిన పెట్టినా." గోగో ఆమె వీపు నిమిరింది. పెట్టె క్షేమంగా దొరికిన సంతోషంతో ఏడుస్తోందనుకుందో ఏమో. నేను గోగో ముఖంలోకి చూడలేకపోయాను. అమ్మేస్తుందేమోనన్నది నేనే.

తర్వాత చాలా ఏళ్ళు కన్నక్క నెలకోసారి ఆ కొండకు వెళ్ళింది. దుప్పట్లు, మొక్కజొన్న పిండి, కొత్త గుడిసెకు రేకులు మోసుకెళ్ళింది. గోగో అన్నీ తీసుకునేది. "ఇంట్లో ఇంకేం ఉండిపోయాయి?" అని అడిగితే మాత్రం వాన గురించో, పొరుగింటి ఆవు గురించో మాట్లాడేది. గోగో చనిపోయేదాకా చెప్పలేదు. తన చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద కన్నక్క, "ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండు. ఏం పోయిందో నాకు తెలీదు కదా, తల్లీ" అంది. నేను ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను.

నేనిప్పటికీ నెలల తరబడి కెమెరాలతో తిరుగుతూనే ఉన్నాను. ఏ ఊళ్ళో దిగినా ఎవరో ఒకరు ఆప్యాయంగా, "సామాను ఇక్కడ పెట్టి వెళ్ళండమ్మా, మేం చూసుకుంటాం" అంటారు. మనుషుల మీద అనుమానం నాకు ఆ చర్చిలోనే పోయింది. వాళ్ళు నిజంగానే చూసుకుంటారని తెలుసు. తెలుసు కనుకనే, దండం పెట్టి, పెట్టె భుజాన వేసుకుని బయలుదేరతాను.