జారిపోయే వేలు

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో నేను అద్దెకున్న ఇంటి అంకుల్ హాస్పిటల్లో మత్తు డాక్టరు. పక్కింటివాళ్లు విసుక్కున్నారని, వానాకాలపు ఉక్కలో గ్యారేజీ తలుపు దించుకుని, చెమటలు కక్కుతూ వయొలిన్ వాయించేవారు. ఎప్పుడో యూరప్‌లో ఒక నల్లజాతి స్వరకర్త రాస్తే, జనం మరిచిపోయిన సంగీతం అది. స్వరాలు రాసిన కాగితాలు ఈమధ్యే బయటపడ్డాయట.

చిన్నప్పుడు నేర్చిన కర్ణాటక సంగీతం ఆయన వేలిని వదిలేది కాదు. నిటారుగా నిలవాల్సిన స్వరం దగ్గర వేలు జారి గమకం పలికేది. వెంటనే ఆపి చూపుడువేలిని కసిరేవారు: "మళ్లీ జారావ్! ఆయన రాసింది రాసినట్టు వినపడనివ్వవా?"

తెలుగు సంఘంవాళ్ల ఉగాది ఫంక్షన్‌కి అదే సిద్ధం చేశారు. స్టేజీ పక్కన సంఘం సెక్రటరీ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అంకుల్, ఇదెవరికి తెలుసు చెప్పండి? పిల్లలు బోర్ ఫీలవుతారు. ఏదైనా సినిమా పాట ప్లే చేసేయండి, ప్లీజ్."

"ఎవరికీ తెలీదనే కదయ్యా..." అంటూ ఆగిపోయారు. సినిమా పాటే వాయించారు. హాలంతా వన్స్‌మోర్ అంది. నేనూ చప్పట్లు కొట్టాను.

కారెక్కి సీటుబెల్టు పెట్టుకున్నారు గాని, కారు తియ్యలేదు. అద్దాల మీద వాన కురుస్తోంది. ఎడమచేతి వేళ్లు స్టీరింగు మీద, స్టేజీ మీద వాయించని ఆ సంగీతాన్ని ఒక్కొక్క స్వరమే నొక్కుకుంటూ చివరిదాకా వెళ్లాయి.

"చూశావా," అన్నారు నావైపు తిరిగి, "ఒక్కసారీ జారలేదు."