ఉప్పుమడిలో బావ వికెట్టు

పగ పట్టడం మంచిది కాదని పెద్దలంటారు. మా బావ మీద నేను పట్టిన పగ మాత్రం నాకు మేలే చేసింది. అది లేకపోతే నేను మళ్ళీ బంతి ముట్టుకునేవాణ్ణి కాదు.

బావంటే మా మేనమామ కొడుకు. విజయనగరంలో మా క్రికెట్ జట్టుకు కెప్టెన్. కోటబొమ్మాళి దగ్గర పొలాల్లో మట్టిగడ్డలు విసురుకుంటూ తిరిగే నన్ను చదువుకని తీసుకొచ్చి, చేతికి బంతి ఇచ్చింది ఆయనే. నేను వికెట్లు తీసినన్నాళ్ళూ మావోడు, మావోడు అంటూ భుజం మీద చెయ్యేసుకుని తిరిగాడు. అరవైల చివర్లో నాకు టైఫాయిడ్ వచ్చింది. లేచాక నా చెయ్యి నా మాట వినలేదు. వేగం పోయింది. బంతి ఎక్కడ పడుతుందో వేసే నాకే తెలిసేది కాదు. పర్లాకిమిడి జట్టువాళ్ళు ఒక పూటంతా నన్ను ఉతికి ఆరేశారు.

ఆ రోజుల్లో మాకు గడ్డి పిచ్‌లు ఎక్కడివి? గట్టి నేల మీద కొబ్బరిపీచుతో నేసిన మ్యాటు పరిచి, బిగలాగి, అంచుల వెంట మేకులు కొట్టి ఆడేవాళ్ళం. ఆటయ్యాక ఓడిన జట్టు ఆ మ్యాటు చుట్టిపెట్టాలి. అది ఆనవాయితీ. ఆ సాయంత్రం మావాళ్ళందరూ వంగి చెయ్యి వెయ్యబోతుంటే బావ ఆపాడు.

"ఒరే, మీరు ఒగ్గేయండి. మావోడొక్కడే సుడతాడు. బంతి రాకపోయినా మ్యాటు సుట్టడం ఈడికి బాగా వస్తాది."

రెండు జట్లూ నవ్వాయి. పీచు మ్యాటు బరువు చుట్టినవాడికే తెలుస్తుంది. అరచేతులు కోసుకుపోయాయి. ఆ తర్వాత నాకు బంతి రాలేదు, మ్యాటు మాత్రం ప్రతి ఆటకీ వచ్చింది. మా ఇంటికొచ్చినప్పుడు బావ ఇదంతా మా అమ్మకి కూడా చెప్పాడు. మేనల్లుడి మాటలకి ఆవిడా పకపకా నవ్వింది. అది అన్నిటికంటే ఎక్కువ మండింది.

చదువయ్యాక నౌపడలో ఉప్పుమళ్ళ దగ్గర గుమాస్తా పని దొరికింది. అక్కడ మడి అడుగు భాగాన్ని కాళ్ళతో తొక్కి తొక్కి గచ్చులా చేస్తారు. వాడకం మానేసిన ఒక మడిలో కర్ర పాతి, సాయంత్రాలు ఒక్కణ్ణే బంతి వేసేవాణ్ణి. ఆ కర్ర నాకు కర్రలా కనిపించేది కాదు, బావలా కనిపించేది. వేగం ఎలాగూ రాదు కాబట్టి వేళ్ళతో కోసి తిప్పడం నేర్చుకున్నాను. ఉప్పు తగిలి వేళ్ళు చిట్లేవి. చిట్లినకొద్దీ కోపం పెరిగేది, కోపం పెరిగినకొద్దీ బంతి చోటు తప్పేది కాదు.

అక్కడే ఇంకో సంగతి పట్టుకున్నాను. ఉప్పుటేట్లోకి సముద్రపు పోటు వచ్చినప్పుడు మడి అడుగున నీరు ఊరుతుంది. పైకి ఏమీ కనిపించదు, మడమ ఆనిస్తే కొంచెం దిగుతుంది. అప్పుడు బంతి పడి, ఆగి, ఆలస్యంగా తిరుగుతుంది.

మరుసటి ఏడు నౌపడ కుర్రాళ్ళతో జట్టు కట్టి, ఆ మడిలోనే మ్యాటు పరిచి, బావ జట్టుని ఆటకి పిలిచాను. రోజు నేనే ఎంచాను. పౌర్ణమి దాటాక పోటు మిట్టమధ్యాహ్నానికి వచ్చే ఆదివారం అది. విజయనగరంలో పొద్దుటి మంచుకి మ్యాటు తడిసి బ్యాటింగ్ కష్టమవుతుంది, మధ్యాహ్నానికి ఆరుతుంది. అందుకని బావ టాస్ గెలిస్తే ముందు ఎదుటివాళ్ళకే బ్యాటింగ్ ఇస్తాడు. ఎక్కడికి వెళ్ళినా అదే అలవాటు.

టాస్ ఆయనే గెలిచాడు. తెల్లగా మెరుస్తున్న మడిని బూటుతో తట్టి చూసి, మమ్మల్ని బ్యాటింగ్ చెయ్యమన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఏవో కాసిని పరుగులు చేశాం. మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనాలు పెట్టాం. బావకి నేనే కొసరి కొసరి వడ్డించాను. ఇక్కడ కూడా మ్యాటు నువ్వే చుడుతున్నావా అని అడిగాడు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదని మనసులో అనుకుని, ఇంకో ముక్క వేశాను.

భోజనాలయ్యేసరికి మడి చెమ్మగిల్లింది. వాళ్ళ మొదటి ఇద్దరూ నా చేతిలోనే పోయారు. బావ వచ్చాడు. నా బంతి నెమ్మదిగా రావడం చూసి, నవ్వుతూ ముందుకొచ్చి బ్యాటు ఊపాడు. బంతి మ్యాటు మీద పడి ఆగింది. బ్యాటు వెళ్ళిపోయాక తాపీగా తిరిగి, బావ కాలు పక్కనుంచి దూరి మధ్య స్టంపు పడగొట్టింది. ఆయన మ్యాటు మీద మడమ ఆనించి చూశాడు.

"ఏట్రా ఇది, నేల దిగతన్నాది?"

"పోటొచ్చింది బావా," అన్నాను.

మిగతావాళ్ళు ఎంతోసేపు నిలవలేదు. ఆటయ్యాక వాళ్ళ కుర్రాళ్ళు మేకులు పీకడానికి వంగారు. ఇన్నాళ్ళుగా నోట్లో నానబెట్టుకున్న మాట అప్పుడు బయటికి తీశాను.

"మీరు ఒగ్గేయండి. మా బావొక్కడే సుడతాడు."

ముందు నవ్వింది వాళ్ళ జట్టువాళ్ళే. వాళ్ళ నవ్వు విన్నాక ఆయనకి వేరే దారి లేకపోయింది. ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటుతో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చుని చూశాను. నాకు జాలి వెయ్యలేదు. కడుపు నిండింది.

సగం చుట్టాక తలెత్తకుండానే అన్నాడు.

"వొచ్చే నెల జిల్లా జట్టు కడతన్నాను. నువ్వు రావాల్రా. కొత్త బంతి నీకే ఇస్తాను."

టైఫాయిడ్ నుంచి లేచిన రోజు మొదలు నేను ఎదురుచూసిన మాట అది. కళ్ళు చెమర్చాయి కూడా. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

"వస్తాను బావా," అన్నాను. "ఆ సివర వదులైంది. ఇప్పి మళ్ళీ సుట్టు."

విప్పి, మొదట్నుంచి చుట్టాడు.