డేగ ఈకల విసనకర్ర

ఓబులయ్యది రాయచోటి పక్క పల్లె. దోహాలో, అల్ అజీజియాలో ఒక ఖతరీ ఆసామి ఇంట్లో డ్రైవరు. నౌకర్లంతా బాబా అని పిలిచే ఆ ఆసామికి కార్ల కన్నా తన డేగ మీదే ప్రాణం. ఇంగ్లండులో యార్క్‌షైర్ అనే జిల్లాలో పుట్టిన పక్షి అది. పాస్‌పోర్టుతో సహా విమానం దిగింది. "నువ్వూ నా మాదిరే గదమ్మా, కూటి కోసరం ఈడికొచ్చినావు," అని ఓబులయ్య దానితో కష్టసుఖాలు చెప్పుకునేవాడు.

వేసవిలో డేగ పాత ఈకలు రాలుస్తుంది. దాని ఏసీ గది ఊడ్చే పని కూడా ఓబులయ్యదే. తోక ఈకలన్నీ ఏరి గుడ్డలో చుట్టిపెట్టాడు, భార్య అనితకు విసనకర్ర చేద్దామని. తన సీమ నుంచే వచ్చిన వంటమనిషి లియాఖత్ అలీ పగలబడి నవ్వాడు.

"అందరూ పెండ్లాలకు బంగారం తీసకపోతాంటే, నువ్వు ఈకలు తీసకపోతావా సామీ?"

"కరెంటు పోతే బంగారంతో ఇసురుకుంటారా?"

చలికాలం వచ్చింది. ఇక డేగను ఎడారిలో ఎగరేయాలి. ఆ వారమే అల్ మన్సూరా సందులో కారుకు అడ్డంగా ఒక మోటారుసైకిలు దూరింది. ఓబులయ్య బ్రేకు తొక్కాడు. పక్కసీట్లో పీట మీదున్న డేగ ఎగిరి తలుపుకు కొట్టుకుంది. తోకలో రెండు ఈకలు విరిగి వేలాడాయి. తోక చెడితే డేగ గాలిలో సరిగా మలుపు తిరగలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, మూగజీవి ఉసురు తగులుతుందన్న దిగులు దానికి రెట్టింపు.

"బ్రేక్ నేనే కొట్టినా బాబా," అని ఇంటికి పోయి వచ్చీరాని అరబీలో ఒప్పుకున్నాడు. బాబా మొహం మాడ్చుకుని, "యల్లా" అన్నాడు, పద అని. ఇద్దరూ డేగల ఆసుపత్రికి పోయారు.

విరిగిన చోట పాత ఈకలు అతికించవచ్చన్నాడు డాక్టరు. దీనివే అయితే కొలత సరిగ్గా కుదురుతుంది, ఉన్నాయా అని అడిగాడు.

"మాఫీ," అని అరబీలో లేవన్నాడు బాబా.

"ఉండాయ్! నా రూములో ఉండాయ్!" అని ఓబులయ్య తెలుగులోనే అరిచి, కారు తాళాలు తీసుకుని పరుగెత్తాడు. అక్కడ ఎవరికీ ముక్క అర్థం కాలేదు. అతను గుడ్డమూటతో తిరిగొచ్చి బల్ల మీద విప్పాక గానీ బాబా మొహం విచ్చుకోలేదు.

ఇంటికి పోయేటప్పుడు బాబా ఒకటే మాట అన్నాడు, నెమ్మదిగా నడపమని. ఆ మాటతో ఓబులయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

తరువాతి శుక్రవారం ఎడారిలో డేగను వదిలారు. అప్పుడే అనిత వీడియో కాల్ చేసింది.

"నా ఇసనకర్ర యాడిదాకా వచ్చింది?"

"రెండు ఈకలు తక్కువైనాయిమే."

"యాడ పోగొట్టినావు?"

ఓబులయ్య ఫోను ఆకాశం వైపు తిప్పాడు.

"పోగొట్టలేదు. అదో చూడు, ఎగురుతాండాయి."