ఇంకా ఆరు అక్షరాలు

నజియా ఇరవై రెండేళ్లుగా ఒకటో తరగతికే చెబుతోంది. పై తరగతులు ఇస్తామన్నా వద్దంది. మడుగుల మధ్య రెల్లు ఇంట్లో పుట్టి, గేదె మీగడ తిని పెరిగిన మనిషి. ఆ పిల్లల యాస, భయాలు ఆమెకు తెలిసినంతగా బస్రా పట్నం నుంచి వచ్చే టీచర్లకు తెలియవు. అందరు టీచరమ్మలను పిలిచినట్టే పిల్లలు ఆమెనూ ‘సిత్’ అని పిలుస్తారు.

ఈ టర్ములో అరబ్బీ అక్షరాలు పూర్తి చేసి మాటలు కూర్చాలి. యాభై దాకా లెక్కపెట్టాలి. తడి దూదిలో శనగలు వేసి, మొలకలు వస్తుంటే రోజూ బొమ్మ గీయాలి. మొదటిసారి కాలువ నీళ్లతో దూది తడిపారు. వారం గడిచినా ఒక్క గింజా పగల్లేదు.

“సిత్, ఆ నీళ్లు ఉప్పు గదా! మా బర్రెలే తాగి పడిపోతున్నాయి, శనగలేం లేస్తాయి?” అన్నాడు ముందు వరసలోని షన్యార్. పిల్లలంతా నవ్వారు. నజియాకు నవ్వు రాలేదు. రెండోసారి ఇంటి నుంచి తెచ్చుకున్న మంచినీళ్లు పోసింది.

ఈ ఏడు చలికాలంలో కూడా మడుగుల్లోకి నీళ్లు రాలేదు. టర్ము మొదట్లో ముప్పై ఒక్కమంది పిల్లలుండేవారు. గేదెలను లారీలకెక్కించుకుని కుటుంబాలు ఒక్కొక్కటే పైకి, నీళ్లున్న వైపు వెళ్లిపోసాగాయి. మార్చి చివరికి పందొమ్మిదిమంది మిగిలారు.

ఆ మిగిలినవాళ్లలో వబ్రియా ఒకతె. బడిలో చేరినప్పటి నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు. ఒకరోజు నజియా గేదెకు వాళ్ల మాట ‘జామూస్’ పలికి, దాని మొదటి అక్షరం ‘జీమ్’ బోర్డు మీద రాసింది. వెనక నుంచి సన్నని గొంతు వినిపించింది.

“ఆ చుక్క, పొట్టలో దూడ.”

జీమ్ పొట్టలో చుక్క ఉంటుంది మరి. ఆ రోజు నుంచి వబ్రియాకు అక్షరాలు అంటుకున్నాయి. టీ పొట్లాల మీదా, పడవల మీదా కనిపించినవన్నీ కూడబలుక్కుంటూ తిరిగేది. ఇంకా ఆరు అక్షరాలే మిగిలాయనగా, వాళ్లూ వెళ్లిపోతున్నారని తెలిసింది.

నజియా సాయంత్రమే వాళ్లింటికి వెళ్లింది. వబ్రియా తండ్రి అబూ ఘానిమ్ రెల్లు చాపలు చుడుతున్నాడు.

“అన్నా, పిల్లను పరీక్షల దాకా నా దగ్గర ఉంచు. రెండు నెలలే. నా కూతురిలా చూసుకుంటాను.”

“మీ మాట తీసెయ్యడమా సిత్! కానీ వాళ్లమ్మ పాలు పితకాలి, నేను మేత కొయ్యాలి. చంటోణ్ణి ఎవరెత్తుకుంటారు? ఎనిమిది బర్రెలు పోయాయి. ఉన్నవాటినైనా బతికించుకోవాలి గదా.”

“అక్కడ బళ్లో వేస్తావా?”

“చేర్చుకుంటే వేస్తాను. నాకేమన్నా పగా చదువంటే?”

అతని మాటలో తప్పు లేదు.

మర్నాడు హెడ్మాస్టరు దగ్గర బదిలీ కాగితం అడిగింది.

“అక్కడి బడి చేర్చుకుంటానని ముందు రాసివ్వాలి సిత్. ఏ ఊరికి వెళుతున్నారు?”

“వాళ్లకే తెలియదు. నీళ్లెక్కడ దొరికితే అక్కడ ఆగుతారు.”

“మరి ఏ బడి పేరు రాయమంటారు?” అన్నాడాయన, విసుగ్గా కాదు, బాధగానే.

ముద్ర లేని కాగితం మీద, పిల్లను చేర్చుకోమని నజియా తానే నాలుగు ముక్కలు రాసి సంతకం చేసింది. ఒక నోటు పుస్తకంలో మిగిలిన అక్షరాలు పెద్దగా రాసి, పక్కన బొమ్మలు వేసింది. లారీ కదిలేముందు ఆ రెండూ వబ్రియా చేతిలో పెట్టింది. పిల్ల చంటివాణ్ణి చంకనేసుకుని ఉంది. పుస్తకం పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేక గడ్డం కింద అదిమిపట్టుకుంది.

మే నెలలో అబూ ఘానిమ్ ఫోన్ చేశాడు. కాలువ పక్కన గుడారం వేసుకున్నారట. అక్కడి బడివాళ్లు ముద్ర లేని కాగితం చెల్లదన్నారట. పుస్తకం వానకు తడిసి ముద్దయిందట.

వబ్రియా ఫోన్ లాక్కుంది. “సిత్! లారీల మీద రాతలు చదువుతున్నా. ఒకటి మాత్రం రావట్లేదు. ‘హా’ ఎలా ఉంటుంది?”

“మాట మొదట్లో అయితే రెండు కళ్లు అతుక్కున్నట్టు ఉంటుంది తల్లీ. పెద్ద కన్ను, లోపల చిన్న...”

“ఏ వైపు సిత్?”

మాట తెగిపోయింది. నజియా మళ్లీ చేసింది. మర్నాడూ, ఆ మర్నాడూ చేసింది. ఫోన్ పని చేయలేదు.

పరీక్ష రాసింది పదమూడుమందే. ఫలితాల పట్టీలో ప్రతి పేరుకీ ఎదుట రెండే గడులున్నాయి. ఒకటి పాసు, ఒకటి ఫెయిలు. వెళ్లిపోయినవాళ్లకు గడి లేదు.

“నన్నేం చెయ్యమంటారు?” అని అడిగింది నజియా.

“రాసెయ్యండి సిత్. కాగితం రేపే పంపాలి,” అన్నాడు హెడ్మాస్టరు.

వబ్రియా పేరు దగ్గరికొచ్చేసరికి పెన్ను పక్కన పెట్టి, లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చింది. తర్వాత కూర్చుని, ఫెయిలు గడిలోనే గీత పెట్టింది.