ఏడు సెంట్ల వాన

గుమ్మఘట్ట సర్కారు బంగళాకు కావలి ఉండే ఎర్రిస్వామి కొలువు సంగతి చెబితే నవ్వొస్తుంది. మబ్బే కనపడని ఊళ్లో వాన కొలవడం! రోజూ పొద్దున్నే ఆవరణలో పాతిన డబ్బాలోంచి సీసా ఎత్తి చూసేవాడు. ఏమీ ఉండేది కాదు. అయినా కాగితం మీద సున్నా, చుక్క, చుక్క తర్వాత రెండు సున్నాలు రాసి తాలూకా కచేరికి పంపేవాడు. చుక్క తర్వాత రెండు గళ్లూ నింపి తీరాలని గుమాస్తా ముందే చెప్పాడు.

ఎర్రిస్వామికి ఆ రెండు గళ్లంటే ప్రాణం. బంగళా మెట్ల మీద కూర్చుని, వాటిలో ఏ అంకె పడితే వంక ఎంత పారుతుందో కళ్లు మూసుకుని చూసుకునేవాడు. నీళ్లు వచ్చి కాళ్లకు తగిలేవి. గట్టుమీద సజ్జ కంకులు తలలూపేవి. కళ్లు తెరిస్తే ఎర్రదుమ్ము.

ఆ యాభైల నాటి కరువులో ఊరిని నిలబెట్టింది సర్కారు వాళ్లు పెట్టిన కంకర పనీ, గంజి కేంద్రమూ. అతని భార్య హనుమక్క ఆ కంకరే కొట్టేది. ఇంట్లో గింజ లేకపోయినా లేదనదు, “జొన్నలు నిండుకున్నాయి” అంటుంది. లేదంటే లేకుండానే పోతుందని మన ఆడవాళ్ల భయం. సున్నా అన్న మాటయితే ఆమె నోట వచ్చేదే కాదు.

ఒక తెల్లవారుజామున నిజంగానే చినుకులు పడ్డాయి. మట్టివాసనకు ఊరంతా వాకిళ్లలోకి వచ్చి నిలబడింది. సీసాలోని నీళ్లు గీతల గ్లాసులో పోసి కొలిస్తే ఏడు సెంట్లు, అంటే అంగుళాన్ని నూరు చేస్తే అందులో ఏడు వంతులు. దుమ్ము అణగడానికీ చాలదు. ఎర్రిస్వామి చుక్క పెట్టి, పక్కన సున్నా వెయ్యబోతే హనుమక్క చెయ్యి పట్టుకుంది.

“వానొచ్చిన దినం గూడా దాన్నే పెడతావా? గంగమ్మ యెనక్కి పోతాది. ఏడని రాయి!”

అతనికీ అదే తియ్యగా తోచింది. చుక్క పక్కనే ఏడు వేసి, ఆఖరి గడి వదిలేశాడు.

కచేరిలో గుమాస్తా ఆ ఖాళీ గడిలో తనే సున్నా వేసుకున్నాడు. ఏడు సెంట్లు డెబ్బై అయ్యాయి. గుమ్మఘట్టకు మంచి పదునైంది, ఇక సేద్యాలు చేసుకుంటారు అని కంకర పని ఆపేశారు, గంజి కేంద్రం మూసేశారు.

హనుమక్క చల్లారిన పొయ్యి ముందు కూలబడి ఏడ్చింది. ఎర్రిస్వామి ఎండలో పడి కచేరికి నడిచాడు.

“తప్పు నాదే సామీ. పడింది ఏడు సెంట్లే. చినుకును చూసి మనసు నిలవలేదు. నా కొలువు తీసేసినా సరే, ఊరికి గంజి పొయ్యండి.”

కొలువు పోలేదు గానీ, తిట్లు మాత్రం కడుపునిండా తిన్నాడు. అంకె దిద్దారు. పని మళ్లీ మొదలైంది.

పని మొదలైన పొద్దున ఆకాశం ఎప్పటిలా వెలవెలబోతోంది. ఎర్రిస్వామి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. సుత్తి పట్టుకుని పనికి పోబోతున్న హనుమక్క వాకిట్లో ఆగి, వెనక్కి తిరిగింది.

“సున్నాలు రెండూ పెట్టినావా?” అని అడిగింది.